బొంతల పెద్దమ్మ

ఆమె పోయిందని మా ఆడబిడ్డ ఫోన్ చేసినప్పుడు నేను వర్ధన్నపేటలో నా దుకాణంలో కూర్చుని ఒక జాకెట్‌కు చేతులు అతికిస్తున్నాను. "పొద్దుగాల పోయింది వదినె. రేపు పది గంటలకు తీస్తరట" అంది. సరేనని ఫోన్ పక్కన పెట్టి పని పూర్తిచేశాను. చివరి దారాలు కత్తిరించి, దులిపి చూస్తే కుడిచెయ్యి ఎడమకు, ఎడమచెయ్యి కుడికి కుట్టి ఉన్నాయి. పదిహేనేళ్లుగా మిషన్ తొక్కుతున్నాను, ఎప్పుడూ అలా జరగలేదు. బ్లేడు తీసుకుని కుట్లు విప్పుతూ కూర్చున్నాను. ఏడుపు అప్పుడు వచ్చింది.

ఊరంతా ఆమెను బొంతల పెద్దమ్మ అనేది. పాత చీరలు పొరలు పొరలుగా పేర్చి, పైన రంగురంగుల ముక్కలు అతికి, చేత్తో బొంతలు కుట్టేది. ఎత్తరి మనిషి, సన్నగా ఉండేది. కింద ఏదో పారేసుకుని వెతుకుతున్నట్టు ముందుకు వంగి నడిచేది. నిజంగానే వెతికేది కూడా, దారిలో గుడ్డముక్క కనిపిస్తే వదిలేది కాదు. సూది ఎప్పుడూ కొప్పులోనే, దారంతో సహా. ఆదివారం చర్చిలో ప్రార్థనకు తల వంచినప్పుడు ఆ దారం వెనక వేలాడుతుంటే వెనక వరస ఆడపిల్లలు కిసకిస నవ్వేవాళ్లట. దారాన్ని ఆమె కత్తెరతో కోయగా నేను చూడలేదు, పళ్లతో కొరికేది. ముందు పన్ను ఊడిన రోజు మా ఇంటి గడప మీద కూర్చుని, "ఇగ నా కత్తెర పోయిందే బిడ్డా" అని చాలాసేపు నవ్వింది.

రంగుల మీద ఆమెకు గట్టి అభిప్రాయాలుండేవి. "ఎర్రదాని పక్క పొంటి ఎర్రది పెట్టకు, రెండు కొట్లాడుకుంటయ్. నడుమ జర తెల్లది పెట్టు, అది సర్దిచెప్తది" అనేది. బట్ట కోసం ఎవరింటికి పోయినా పాత చీరలున్నాయా అని అడిగేది కాదు. ఆ ఇంటామె చీర తెచ్చి చేతిలో పెడితే, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది కట్టుకోని ఎటు పోయినవ్?" అనేది. ఆ ఒక్క మాటకు ఆడవాళ్లు పొయ్యి మీద కూర మర్చిపోయి గంటసేపు చెప్పేవాళ్లు.

మిరప కాయ ఏరడం అయిపోయి, ఎండబెట్టి నింపిన బస్తాలు చాలావరకు వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ యార్డుకు వెళ్లిపోయాక మా ఊరి ఆడవాళ్లకు రెండు నెలలు కొద్దిగా తీరిక. ఆ రెండు నెలలూ, మధ్యాహ్నం అన్నాలు తిన్నాక, మహిళా సంఘం గది వరండాలో ఆమె బొంత పరిచేది. చుట్టూ ఏడెనిమిది మంది కూర్చునేవాళ్లం. కూర్చున్న ప్రతి మనిషీ తన బతుకులో జరిగినదొకటి చెప్పాలి. చెప్పినదానికి ఒక బొమ్మ కత్తిరించి బొంత మీద కుట్టాలి. ఊళ్లో వాళ్ల సంగతులు ఎవరైనా మొదలుపెడితే ఆమె సూది ఆపేసేది. "ఆమె ముచ్చట ఆమె వచ్చి చెప్పుకుంటది. నువ్వు నీది చెప్పు" అనేది. ఇంకో మాట కూడా రోజూ అనేది: "ఇక్కడ చెప్పింది ఇక్కడనే కుట్టేస్తానం. గడప దాటద్దు."

మొగుడు పోయి, ముగ్గురు పిల్లలతో చేను చేసుకునే ఒకామె బోరుబండి కత్తిరించింది. నాలుగుసార్లు బోరు వేస్తే నాలుగుసార్లూ దుమ్మే వచ్చిందని, బండి చుట్టూ బూడిద రంగు ముక్కలు ఓపిగ్గా అతికింది. ఇంకొకామె తన బర్రెను కుట్టింది, అది చూడబోతే కుక్కలా వచ్చింది. అందరం కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వుతుంటే, "పాలిచ్చే కుక్క అనుకోండ్రి, మీకేమైతాంది" అంది. మాలో అందరికన్నా ముసలిది, మేం మల్లవ్వ అని పిలిచే ఆమె, ఎర్ర బస్సు కుట్టింది. మొగుడు వరంగల్ పెద్ద దవాఖానలో పడి ఉంటే చూడటానికి జీవితంలో మొదటిసారి ఒక్కతే బస్సెక్కిందట. ఎక్కడ దిగాలో తెలియక, అడగడానికి సిగ్గుపడి, డిపోదాకా పోయి, ఖాళీ బస్సులో కూర్చుని ఉందట. ఆ బస్సుకు కిటికీలన్నీ కుట్టి, ఒక్క కిటికీలో మాత్రం చిన్న తల పెట్టింది.

నేను ఆ వరండాకు ఎలా చేరానో చెప్పాలి. నాకు ఏడో నెలలో ఆడపిల్ల పుట్టింది. పదకొండు రోజులు బతికింది. ఆ తర్వాత దాదాపు ఏడాది నేను ముందు గదిలో మిషన్ దగ్గర తప్ప ఎక్కడా కూర్చోలేదు. జాకెట్ కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లతో కొలతలు తప్ప మాట్లాడలేదు. పెద్దమ్మ గురువారం గురువారం పీలికల కోసం వచ్చేది. నేను మూట కట్టి గడప దగ్గర పెట్టేదాన్ని. ఒక వారం ఆ మూటలో, పిల్ల పుట్టకముందే కుట్టిపెట్టిన పసుపు గౌను కూడా వేసేశాను. గంట కూడా కాలేదు, ఆమె తిరిగి వచ్చింది.

"ఇది పీలికలల్ల వచ్చింది బిడ్డా. చూసుకోలేదా?"

"నేనే ఏసిన పెద్దమ్మా. తీసుకపో."

ఆమె ఆ గౌనును అరచేతి మీద పరుచుకుని, చేతులు లోపలికి మడిచి, నెమ్మదిగా సగానికి మడత పెట్టింది. "తీసుకపోత. గని కుట్టుడు నాతోని కాదు. నువ్వొచ్చి కుట్టాలె" అంది.

నాకు కోపం వచ్చింది. ఇక నా ఇంటికి రావద్దన్నాను. ఆమె తర్వాతి గురువారం ఏమీ జరగనట్టే వచ్చి, "పీలికలున్నయా బిడ్డా?" అంది. ఆ తర్వాతి గురువారం కూడా. నాలుగో వారం నేనే వెళ్లాను.

రెండు రోజులు అందరి సూదుల్లో దారం ఎక్కించి ఇచ్చాను. ఎవరూ ఏమీ అడగలేదు. మూడో రోజు ఆమె గౌను తెచ్చి నా ముందు పెట్టింది. నేను దాన్ని కత్తిరించలేదు, ఉన్నది ఉన్నట్టే కుట్టాను. కుడుతూ చెప్పాను. పిల్ల గోళ్లు ఎంత చిన్నగా ఉండేవో చెప్పాను. మా ఆయన తెల్లగుడ్డలో చుట్టి ఆటోలో తీసుకుపోతుంటే నన్ను గుమ్మం దగ్గరే ఆపారని చెప్పాను. "యాడ పెట్టిన్రో నాకు ఇప్పటిదాంక ఎవ్వరు చెప్పలేదు. నేను అడగలేదు" అన్నాను.

మల్లవ్వ అంది: "నాగ్గూడ తెల్వదు బిడ్డా. మావోన్ని యాడ పెట్టిన్రో." బోరుబండి ఆమె తల వంచుకునే, "మా పెద్దదాన్ని గూడ నాకు చూపియ్యలే" అంది. ఇక పెద్దమ్మ, దారం కొరికి, "నా ఇద్దర్ని" అంది. ఆమెకు ఇద్దరు పిల్లలు పుట్టి పోయారని నాకు అప్పటిదాకా తెలియదు. ఎనిమిది మందిలో నలుగురం. ఒకే ఊళ్లో, ఒకే బావి నీళ్లు తాగి, ఇన్నేళ్లూ ఎవరికి వాళ్లం నాకొక్కదానికే ఇలా జరిగిందనుకున్నాం.

ఆ రోజు నుంచి నేను అన్నం రుచి తెలిసేలా తిన్నాను. ఇంతకన్నా బాగా చెప్పడం నాకు రాదు.

రెండేళ్లు అలా గడిచాయి. మూడో ఎండాకాలం రజిత వచ్చింది. నర్సంపేట వైపు నుంచి మా ఊరికి కొత్తగా కోడలై వచ్చిన పిల్ల. ఏం చెప్పినా నవ్వుతూ చెప్పేది. ఒక మధ్యాహ్నం, ఇంటర్ చదివే రోజుల్లో క్లాసులో ఒక అబ్బాయితో కలిసి ఖిలా వరంగల్ చూడటానికి పోయిన సంగతి చెప్పింది. రాతి తోరణం నీడలో కూర్చున్నారట. అతను ఐస్‌క్రీం కొనిచ్చాడట. సిగ్గుతో ఇద్దరూ తినకుండా చేతిలో పట్టుకుంటే కరిగి కారిపోయిందట. ఎవరైనా చూస్తారని భయపడి తిరిగి వచ్చేటప్పుడు వేరువేరు బస్సులెక్కారట.

"గంతే. గంతకు మించి ఏం లేదు" అంది రజిత. "అతను యాడున్నడో గూడ నాకెరుకలేదిప్పుడు. గని ఆ దినం మంచిగుండె."

ఈసారి ఆమె నవ్వలేదు. మేమూ నవ్వలేదు. ఆమె బూడిద రంగు గుడ్డతో రెండు స్తంభాలు, పైన అడ్డదూలం కత్తిరించి కుట్టింది. పక్కన తెల్లటి చుక్క ఒకటి పెట్టింది. ఏడుపు ముచ్చట్ల మధ్య ఇదేం కుట్టడమని ఎవరో అనబోతే పెద్దమ్మ ఊరుకోలేదు. "మంచిగున్న దినం గూడ కుట్టాలె. అన్ని ఏడుపులే కుడితె కప్పుకున్నోళ్లకు చలెట్ల పోతది?" అంది.

అదే సాయంత్రం మా ఆయనకు అన్నం పెడుతున్నాను. ఆయనది ట్రాలీ ఆటో. మా ఊరివీ, పక్క ఊళ్లవీ మిర్చి బస్తాలు ఎనుమాములకు వేసేవాడు. నేను సరదాగానే మొదలుపెట్టాను.

"దినాం వరంగల్ పోతానవ్. ఒక్కసారన్న నన్ను ఖిలా వరంగల్ తీసుకపోయినవా?"

"ఆడేమున్నయ్, రాళ్లు."

"రాళ్లేనా? రజితను అడుగు. పెండ్లిగాక ముందే పోయొచ్చింది, తోడు పెట్టుకోని."

"ఎవలతోని?" అన్నాడు ఆయన, నవ్వుతూ.

చెప్పాను. ఐస్‌క్రీం సంగతి కూడా చెప్పాను. ఆయన నవ్వాలని, ఈ ఆదివారం పోదాం పద అనాలని, అంతే నా మనసులో ఉన్నది. ఆయన నవ్వాడు. ఆదివారం మాట మాత్రం అనలేదు.

మర్నాడు యార్డులో లైను కదలక గంటలకొద్దీ బండ్లు ఆగాయట. ఆ తీరికలో ఆయన పక్క బండి వాడికి చెప్పాడు. నాలుగు రోజుల తర్వాత రజిత భర్త తన బస్తాలతో యార్డుకు పోతే, తెలిసిన మనిషి ఒకడు పదిమందిలో, "ఏమయ్యా, నీ భార్య ఖిలా వరంగల్ మంచిగ చూపిస్తదట గద" అన్నాడు. అందరూ నవ్వారు. అతను ఇంటికి వచ్చి రజితను కొట్టాడు. ఎడమ చెయ్యి రెండు చోట్ల విరిగింది. దవాఖానలో చేర్చారు. అక్కడినుంచి ఆమె తల్లి అటే నర్సంపేటకు తీసుకుపోయింది. ఆ పిల్ల మళ్లీ మా ఊళ్లో కాపురానికి రాలేదు.

రజితను కొట్టిన రెండో రోజు మధ్యాహ్నం మేం వరండాలో కూర్చుని ఉండగా రజిత మామ నలుగురిని వెంటపెట్టుకుని వచ్చాడు. బొంతను ఒక కొస పట్టుకుని గుంజి రోడ్డు మీదికి విసిరాడు.

"ఇంటింటికి తిరిగి సంసారాలు తవ్వుతానవ్ నువ్వు! ఇంటింటికి పోయేది నువ్వే. నువ్వు గాక ఈ ముచ్చట ఇంకెవ్వరు మోస్తరు?"

నేను పెద్దమ్మకు ఎడమ పక్కనే, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చున్నాను. చేతిలో సూది ఉంది. నోరు తెరిస్తే చాలు. నేను బొంత లేని నేలను చూస్తూ కూర్చున్నాను.

పెద్దమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. "ఆడివిల్లలను ఇక్కడ కూసోబెట్టింది నేనే. తప్పు నాదే" అంది. రోడ్డు మీదికి వెళ్లి బొంత తీసి, దుమ్ము దులిపి, భుజాన వేసుకుని ఇంటికి నడిచింది. ఆమె ఒప్పుకున్నదనే అందరూ అనుకున్నారు. మర్నాటికి సంఘం గదికీ వరండా గేటుకూ తాళం పడింది. ఒకామె వెళ్లి తాను ఇచ్చిన చీర తిరిగి ఇమ్మని అడిగింది. అప్పటికే ముక్కలై కుట్టేసిన చీర అది. పెద్దమ్మ ఆ ముక్కలన్నీ విప్పి, మడతపెట్టి ఇచ్చిందట.

ఇంట్లో నేను మా ఆయనను పట్టుకుని అడిగితే, "ఒక్కనికే చెప్పిన. నువ్వు చెప్పకపోతె నేను యాడ చెప్తుంటి?" అన్నాడు. అది నిజమే. ఆ తర్వాత మేమిద్దరం ఆ సంగతి ఎత్తలేదు.

పెద్దమ్మ మాత్రం గురువారం రావడం మానలేదు. నేను మునుపటికంటే పెద్ద మూట కట్టేదాన్ని. "గిన్నెందుకు బిడ్డా? కుట్టెటోళ్లెవరున్నరు?" అని ఒక గుప్పెడు తీసుకుని, మిగతావి నాకే వదిలేది. ఒక వానరోజు ఆమె గడప మీద కూర్చుని ముక్కలు ఏరుకుంటుంటే, నా కాళ్లు మిషన్ మీద ఆగిపోయాయి. ఉన్నట్టుండి ఏడ్చేశాను.

ఆమె తల ఎత్తింది. "చెప్పు" అంది.

నోటిదాకా వచ్చింది. "ఏం లేదు పెద్దమ్మా, కంట్ల ఏదో పడ్డది" అన్నాను.

ఆమె నా మొహం చాలాసేపు చూసింది. "సరే. ఎప్పుడన్న చెప్పబుద్దయితె చెప్పు" అని, పీలికలు కొంగులో పోసుకుని, వానలోనే వెళ్లిపోయింది.

ఆ మరుసటి ఏడాది నేను దుకాణం, కాపురం వర్ధన్నపేటకు మార్చాను. అక్కడైతే గిరాకీ ఎక్కువని అందరికీ చెప్పాను. ఆ మాటలో అబద్ధం లేదు. కానీ గురువారం వస్తుందంటే బుధవారం నుంచే నాకు గుండె దడగా ఉండేది, అందుకే మార్చాను. మోకాళ్ల నొప్పులతో ఆమె అంత దూరం రాలేదు. నేను ఊరికి పోయినా ఆమె వాడవైపు నడవలేదు.

ఆమె పోయిందని ఫోన్ వచ్చిన మర్నాడు పొద్దున బయలుదేరి ఊరికి వెళ్లాను. పెట్టె పక్కన నిండా పదిహేను మంది ఆడవాళ్లు లేరు. పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటే నాకు ఆమె కొప్పు చూడాలనిపించింది, కానీ తల మీదిదాకా తెల్లగుడ్డ కప్పి ఉంది. సమాధుల దగ్గర మట్టి వేసేటప్పుడు ఎదురుగా రజిత కనిపించింది. కొంచెం లావైంది. కుడిచేత్తో మట్టి తీసి వేసింది. ఎడమచెయ్యి మోచేతి దగ్గర పూర్తిగా వంగడం లేదు.

అంతా అయ్యాక ఆమె రోడ్డు మీద ఆటో కోసం నిలబడింది. నేను దగ్గరికి వెళ్లాను. ఆరేళ్లు దాచిన మాటను నిలబడి చెప్పడానికి అరనిమిషం కూడా పట్టలేదు.

"రజితా, నీ ముచ్చట మా ఆయనకు చెప్పింది నేను. పెద్దమ్మ ఎవ్వలకు చెప్పలే."

ఆమె ఉలిక్కిపడలేదు. "ఎరుకే అక్కా" అంది.

"ఎప్పటిసంది?"

"దవాఖానల ఉన్నప్పటిసంది. వరండాల కూసున్నోళ్లల్ల ఎవల ఇంటాయన దినాం యార్డుకు పోతడు? మీ ఆయనొక్కడే గద. పెద్దమ్మ నన్ను చూడ వచ్చింది, సంత్ర పండ్లు పట్టుకోని. ఆమెతోని చెప్పిన. చెయ్యి మంచిగైనంక ఊళ్లెకొచ్చి అందరి ముంగట నీ పేరు చెప్త అన్న. వద్దన్నది."

"ఎందుకు?" అన్నాను.

"'పిల్ల పోయిన బాధల నుంచి లేచి ఇప్పుడిప్పుడే నలుగురిల కూసుంటాంది. ఊరంత ఒక్కటై ఎలేస్తె మల్ల తలుపేసుకుంటది. నేను ముసలిదాన్ని, ఓర్సుకుంట. ఆమెనే వచ్చి చెప్తది, సూడు' అన్నది."

నేను ఆమె చెయ్యి పట్టుకోబోయాను. ఆమె వెనక్కి తీసుకోలేదు, కానీ నా చేతిని పట్టుకోనూ లేదు.

"నా చెయ్యి విరగ్గొట్టినోడు వేరే. అది నీ మీద పెట్టను" అంది. "గని నువ్వొక్క మాట చెప్పుంటే ఆమె చుట్టు మల్ల నలుగురు కూసుందురు. ఆరేండ్లు ఒక్కతే కూసోని కుట్టుకున్నదక్కా."

ఆటో వచ్చింది. ఎక్కింది. డ్రైవరు వెనకాల ఇంకెవరో జరిగి చోటిస్తే కూర్చుంది. నావైపు చూడలేదు.

నేను వర్ధన్నపేట బస్సెక్కడానికి బయలుదేరి, సగం దారి నుంచి వెనక్కి తిరిగాను. పెద్దమ్మ ఇంట్లో ఆడవాళ్లు చాపల మీద కూర్చుని చాయ్ తాగుతున్నారు. మల్లవ్వ గోడకు ఆనుకుని ఉంది, చూపు దాదాపు పోయింది. బోరుబండి ఆమె గ్లాసులు అందిస్తోంది. చీర తిరిగి అడిగినామె అంటోంది: "పోయినోళ్లను అనద్దు గని, మనిషి మంచిదే. ఆ ఒక్క ముచ్చట గడప దాటనియ్యకుంటె ఎంత మంచిగుండు."

"ఆమె దాటనియ్యలే" అన్నాను, గుమ్మంలో నిలబడే. "నేను దాటిచ్చిన."

గ్లాసులు అందిస్తున్న చెయ్యి ఆగింది. చీర అడిగినామె నన్ను చూసి, తన ఒళ్లోకి చూసుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇద్దరు లేచి, నా పక్కనుంచే, నన్ను తాకకుండా బయటికి వెళ్లిపోయారు. మిగతావాళ్లు కదల్లేదు. రమ్మని ఎవరూ అనలేదు, పొమ్మనీ అనలేదు.

మల్లవ్వ గొంతు వచ్చిన వైపు తల తిప్పి, "ఎవలు, టైలరు పిల్లనా?" అంది. అవునన్నాను.

"నిలబడి చెప్పుడేంది. కూసోని, మొదటిసంది చెప్పు."

చాప చివర కూర్చున్నాను. మా ఆయనకు అన్నం పెడుతూ నేను నవ్విన ఆ సాయంత్రం దగ్గర మొదలుపెట్టాను.